హాస్య భయానకముల విరోధము: వాతావరణ విపత్తుపై వెలువడిన ప్రహసనముల పరిశీలనము

సంఘమునకు హితము బోధింపదలచినవారు హాస్యము నాశ్రయించుట మనకు క్రొత్త కాదు. వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి, అందు ప్రకటించిన ప్రహసనములచేత ఆనాటి దురాచారములను అవహేళన చేసిరి. గురజాడవారి కన్యాశుల్కము 1897లో తొలిసారి అచ్చయి, 1909లో రూపాంతరము పొంది, సంస్కరణోద్దేశమునకును ఉత్తమసాహిత్యమునకును పొత్తు కుదురునని నిరూపించినది. ఆ రచనలలో నవ్వునకు గురియైనది మనుష్యుని అవినీతి, మూర్ఖత, దురాశ. వీనిని చూచి నవ్వుటకు రసశాస్త్రము అడ్డు చెప్పదు.

ఇటీవల పాశ్చాత్యదేశములలో మరియొక విధమైన ప్రయత్నము సాగుచున్నది. అచ్చటి ప్రసిద్ధనటులును టెలివిజన్ హాస్యకారులును వాతావరణ మార్పును గూర్చి ప్రజలను మేలుకొలుపుటకు హాస్యమును సాధనముగా గ్రహించిరి. ఇందలి విషయము విపత్తు. పరిశ్రమలు విజృంభింపకముందు గాలిలో పదిలక్షలకు 280 పాళ్లుగా నుండిన బొగ్గుపులుసు వాయువు నేడు 420 పాళ్లు దాటినది. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కప్రకారము 2024వ సంవత్సరమున భూగోళపు సగటు ఉష్ణోగ్రత పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధపు సగటును సుమారు 1.55 డిగ్రీలు మించినది. అట్టి మించుదల ఒక సంవత్సరమంతయు నిలుచుట అదియే మొదలు. ఇది నవ్వదగిన విషయము కాదని వేరుగా చెప్పనక్కరలేదు. నవ్వదగని విషయముపై నవ్వు పుట్టించి, ఆ నవ్వుచేతనే భయమును గుర్తుచేయవలెనను ప్రయత్నము ఎంతవరకు సఫలమైనదో చూచుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

అలంకారశాస్త్రము నెరిగినవారికి ఇచ్చట ఒక చిక్కు తోచక మానదు. విశ్వనాథుడు సాహిత్యదర్పణమున రసముల పరస్పర విరోధములను పేర్కొనుచు, హాస్యమునకు భయానక కరుణములు విరోధులని చెప్పినాడు. విరోధమన్న మాత్రమున రెండు రసములు ఒక కృతిలో నుండరాదని అర్థము కాదు. ధ్వన్యాలోకపు తృతీయోద్ద్యోతమున ఆనందవర్ధనుడు పరిహారమార్గములను చూపినాడు. ఒక రసమును అంగిగను రెండవదానిని అంగముగను నిలుపుట యొకటి. రెండింటిని వేర్వేరు ఆశ్రయములందుంచుట యొకటి. నడుమ రెండింటికిని విరుద్ధము కాని మూడవ రసమును చొప్పించుట మరియొకటి. నాగానందమున శాంత శృంగారముల నడుమ అద్భుతము నిలిచిన తీరును ఆయన ఇందుకు ఉదాహరించినాడు.

వీనిలో ఆశ్రయభేదము సులభమైన మార్గముగా కనబడును. కాని హాస్యమునందొక విశేషము గలదు. హాస జుగుప్సలయందు ఆలంబనమే కావ్యమున గోచరించుననియు, ఆశ్రయము వేరుగా కనబడదనియు రసగంగాధరమున పండితరాయలు ఆక్షేపమును లేవనెత్తి, అట్టిచోట ద్రష్ట యొకనిని ఊహింపవలెనని సమాధానము చెప్పినాడు. అనగా నవ్వువాడు చాలవరకు సామాజికుడే. వాతావరణ విపత్తునకు భయపడవలసినవాడును ఆ సామాజికుడే గదా! రంగముపై రాక్షసుని చూచినప్పటి భయము సాధారణీకరణముచేత రసమగును. ఇచ్చటి భయము అట్లు రసమై తీరిపోవునది కాదు. ఆట ముగిసిన పిదప సామాజికుని వెంట ఇంటికి వచ్చునట్టి లౌకికభయము. నవ్వును భయమును ఒకే మనుష్యునియందు కలియక తప్పనప్పుడు ఆశ్రయభేదము సగము సాయమే చేయగలదు. నవ్వు భయమునకు అంగమై నిలువవలెను, లేదా నడుమ మూడవదేదియో రావలెను. మేము ఈ కృతులను ఈ యొరగల్లుపైననే పరీక్షించితిమి.

మొదట జాన్ ఆలివర్. ఇంగ్లండున పుట్టి అమెరికాలో పేరొందిన ఈ హాస్యకారుడు 2014 మే 11న తన వారాంతపు కార్యక్రమమున ఒక చిన్న ప్రదర్శన మిచ్చినాడు. దానికి నేపథ్యము తెలియవలెను. జాన్ కుక్ మొదలగువారు 1991 మొదలు 2011 వరకు వెలువడిన శాస్త్రవ్యాసములలో 11,944 వ్యాసముల సంగ్రహములను పరిశీలించి, భూతాపకారణమును గూర్చి అభిప్రాయము తెలిపినవానిలో నూటికి 97 మానవకృత్యమే కారణమని అంగీకరించుచున్నవని 2013లో ప్రకటించిరి. అయినను టెలివిజన్ చర్చలలో ఒక శాస్త్రజ్ఞుని ఎదుట ఒక నిరాకరణవాదిని కూర్చుండబెట్టి సమముగా మాటలాడించుట వాడుక. చూచువారికి అభిప్రాయములు చెరిసగముగా నున్నవని తోచును. ఆలివర్ ఈ వాడుకను మాటలతో ఖండింపలేదు. విజ్ఞానబోధకుడు బిల్ నై నొకవైపును నిరాకరణవాది నొకవైపును కూర్చుండబెట్టి, పిదప లెక్క సరిచేయుదమని చెప్పి, నిరాకరణపక్షమునకు మరి యిద్దరిని, శాస్త్రపక్షమునకు తెల్లకోట్లు తొడిగిన తొంబదియార్గురిని పిలిచినాడు. వారందరు ఇరుకున నిలిచి ఒక్కసారిగా మాటలాడగా కోలాహలమున ఏ మాటయు వినరాలేదు.

ఈ ప్రదర్శనము మమ్ము ఆకర్షించుటకు కారణము దాని కల్పనలోని సూటిదనము. సంఖ్య ఇచ్చట దృశ్యమైనది. నూటికి 97 అని విన్నవాడు మరచిపోవచ్చును. గది నిండిన తెల్లకోట్లను చూచినవాడు మరువడు. మరియు నవ్వునకు ఆలంబనము విపత్తు కాదు, నిరాకరణవాదియు ప్రధానముగా కాడు. టెలివిజన్ చర్చయనెడి ఆచారమే ఆలంబనము. హాస్యకారుడు తాను కూర్చున్న కొమ్మనే ఎగతాళి చేసినాడు. విపత్తు ఒక్కసారియైన నవ్వునకు గురి కాలేదు గనుక భయము చెక్కుచెదరక నిలిచినది. పాల్ బ్రూయర్, జెస్సికా మెక్‌నైట్ అను పరిశోధకులు ఈ ప్రదర్శనమునే ప్రయోగమునకు తీసికొని 2017లో ప్రకటించిన ఫలితము ఇచ్చట గమనింపదగినది. దీనిని చూచినవారిలో భూతాపము నిజమను నమ్మకము పెరిగినది. శాస్త్రజ్ఞులలో అధికసంఖ్యాకులు దానిని నమ్ముచున్నారను ఎరుకయు పెరిగినది. ఆ ఎరుక విజ్ఞానశాస్త్రమునందు ఆసక్తి తక్కువగా గలవారిలో మరింత హెచ్చుగా పెరిగినది. ఉపన్యాసములకు రానివారు ప్రహసనమునకు వత్తురని వీరేశలింగము పంతులుగారి కాలమువారికిని తెలియును గాని, దానిని లెక్కలతో చూపుట క్రొత్త.

అయితే నాణెమునకు రెండవ ప్రక్క గలదు. హాస్యరూపమున వచ్చిన సందేశమును గూర్చి రాబిన్ నబీ మొదలగువారు 2007లో చేసిన పరిశోధనలో, నవ్వుచు వినువారు ఎదురువాదము తక్కువగా చేయుదురనియు, దానితోపాటే ఇది వట్టి పరిహాసమని త్రోసిపుచ్చుట హెచ్చనియు తేలినది. మా పరిభాషలో చెప్పవలెనన్న, హాస్యము అంగముగా నుండక అంగియైపోవు ప్రమాదము ఎల్లప్పుడు పొంచియుండును.

ఇంగ్లండున 2023లో వెలువడిన ఒక చిన్న చిత్రము ఈ ప్రమాదమును వేరొక ఉపాయముచే తప్పించుకొన్నది. లండన్ యూనివర్సిటీ కాలేజీ ఆచార్యుడు మార్క్ మాస్లిన్ శాస్త్రభాషలో ఒక వాక్యము చెప్పును. ప్రసిద్ధ హాస్యనటి జో బ్రాండ్ దానినే మోటుమాటలలో, తిట్లు కలిపి, తిరిగి చెప్పును. చిత్రమంతయు ఇంతే. సంస్కృతనాటకమున రాజు సంస్కృతమును విదూషకుడు ప్రాకృతమును పలుకుట మనమెరిగినదే. కూడియాట్టములో విదూషకుడు నాయకుని శ్లోకములకు మలయాళమున అర్థము చెప్పి, పరిహాసశ్లోకములను కట్టును. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క రామాయణకథ నడుమ జొరబడి ఊరి సంగతులు మాటలాడుదురు. పెద్దభాషకు ప్రక్కన చిన్నభాష నిలిచి దానిని నేలకు దింపుట బహుప్రాచీనమైన హాస్యమార్గము. జో బ్రాండ్ మాటలలో నవ్వు భాషాభేదమునుండి పుట్టును. అర్థము మాత్రము ఆచార్యుడు చెప్పినదానికంటె భయంకరముగా వినబడును. శాస్త్రభాష తన నెమ్మదిచేత దాచిన భయమును గ్రామ్యము బయటపెట్టినది. గ్రామ్యమును దోషముగా లెక్కించిన లాక్షణికులు హాస్యాదులయందు దానికి మినహాయింపు నిచ్చుటలోని ఔచిత్యము ఇట్టిచోట బాగుగా తెలియును.

బిల్ నై 2019 మే 12న ఆలివర్ కార్యక్రమమున మరల కనబడినాడు. ఇతడు 1993 మొదలు 1998 వరకు బాలురకై నడిపిన విజ్ఞానకార్యక్రమముచేత ఇంటింట పరిచితుడు. చిరునవ్వు, మెడకు విల్లుముడి, బల్లపై చిన్న ప్రయోగములు, ఇవి ఆయన వేషము. ఈసారి ఆ వేషముతోడనే వచ్చి, బల్లపై గోళమును నిలిపి, దానికి నిప్పంటించి, ప్రపంచము మండుచున్నదని కోపముతో చెప్పి, చూచువారు ఇక పిల్లలు కారు గనుక ఇక బుజ్జగింపనని బూతులు కలిపి మందలించినాడు. సభలోనివారు పగలబడి నవ్విరి. ఆ నవ్వునకు మూలము వేషమునకును మాటకును గల వైషమ్యము. భరతుడు చెప్పిన వికృతవేషము ఇచ్చట తలక్రిందులై, వేషము సౌమ్యముగనే యుండి వాక్కు వికృతమైనది. కాని నవ్వు ఆగిన పిదప మిగులునది కోపము. హాస్యమునుండి భయమునకు నేరుగా దూకక, నడుమ క్రోధమును నిలుపుటచేత ఆనందవర్ధనుడు చెప్పిన మూడవ మార్గము అనాలోచితముగనే సిద్ధించినది. నిన్నటి బాలురకు తమ గురువు తమపై కోపించినట్లు తోచును. గురువు కోపమున భయమునకు తావు కలదు. ఈ యల్పప్రదర్శనము వ్యాప్తి పొందినది బూతుల మూలముననే యని ఆక్షేపింపవచ్చును. ఆ యాక్షేపము కొంత నిజమే.

2021 సెప్టెంబరు 22న అమెరికాలోని ఏడు రాత్రికార్యక్రమముల హాస్యకారులు ఒకే రాత్రి వాతావరణ మార్పును విషయముగా గ్రహించిరి. కూడి పనిచేయు ఉద్దేశము మెచ్చదగినది. కాని విషయము ముందే నిర్ణయమై, రాత్రియే దాని పేర ప్రకటింపబడినప్పుడు, భయమును వ్యంగ్యముగా నుంచుట కష్టము. రసమును దాని పేరుతోనే చెప్పుట దోషమని మన లాక్షణికులు చెప్పిన మాట అట్టి సందర్భములకు చక్కగా తగును. ఇంతకంటె ఆ రాత్రిని గూర్చి చెప్పవలసినది కనబడదు.

ఇక ఈ ప్రయత్నములన్నిటిలో పెద్దది, వివాదాస్పదమైనది, 2021 డిసెంబరున నెట్‌ఫ్లిక్స్ ద్వారా లోకమంతట ప్రదర్శితమైన డోంట్ లుక్ అప్ అను చలనచిత్రము. దర్శకుడు ఆడమ్ మెకే. కథాకల్పనలో పాలుపంచుకొన్నవాడు పత్రికారచయిత డేవిడ్ సిరోటా. లియొనార్డో డికాప్రియో, జెన్నిఫర్ లారెన్స్, మెరిల్ స్ట్రీప్, కేట్ బ్లాంచెట్, మార్క్ రైలాన్స్ మొదలగు మేటినటులు ఇందు నటించిరి. ఇది నాలుగు ఆస్కార్ బహుమానములకు పరిశీలింపబడి ఒకదానినైన పొందలేదు. కథ అన్యాపదేశము. ఖగోళశాస్త్రమున పరిశోధన చేయుచున్న విద్యార్థిని కేట్ డిబియాస్కీ ఒక తోకచుక్కను కనుగొనును. అది ఆరు నెలలు దాటిన కొలది దినములకే భూమిని తాకునని ఆమె ఆచార్యుడు ర్యాండల్ మిండీ లెక్కించును. వారు దేశాధ్యక్షురాలికి చెప్పుదురు. ఆమె ఎన్నికల చింతలో నుండును. టెలివిజన్‌లో చెప్పుదురు, అచ్చటివారు నవ్వుదురు. పరిశోధకవిద్యార్థులకు రుచించు సంగతి యొకటి గలదు: తోకచుక్కకు పేరు విద్యార్థినిది, కీర్తి ఆచార్యునిది.

అన్యాపదేశము పొసగిన చోటును పొసగని చోటును వేరుచేసి చూపవలెను. తోకచుక్క వెలుపలినుండి వచ్చునది. దాని రాకకు ఎవ్వరును దోషులు కారు. వాతావరణ విపత్తు మన పొయ్యిలనుండి, యంత్రములనుండి, బండ్లనుండి పుట్టినది. తోకచుక్క ఒక్కదినమున అందరిని సమముగా తాకును. వేడిమి అట్లు తాకదు. 2015 మే నెలలో ఆంధ్ర తెలంగాణ రాష్ట్రములలో వడగాడ్పులకు వేయిమందికి పైగా మరణించిరి. ఎండలో పనిచేయక గడవని కూలీలు, నీడ లేని వృద్ధులు వారిలో పెక్కురు. అదే సంవత్సరమున అదే భూమిపై వేరొకచోట చల్లనిగదిలో కూర్చున్నవానికి ఆ మే నెల ఒక వార్త మాత్రమే. ఈ వైషమ్యమును చూపుటకు తోకచుక్క చాలదు. ఉపమానమునందు దోషి లేకపోవుటచేత సామాజికుడు తన పాలు మరచి, శాస్త్రజ్ఞుల పక్షమున హాయిగా నిలిచి, నాయకులను చూచి నవ్వును. మందబుద్ధులు ఎల్లప్పుడు ఇతరులే యగుదురు. చిత్రమునకు వచ్చిన ప్రతికూలవిమర్శలలో దీని హాస్యము మరీ స్థూలమైనదను మాట తరచుగా వినబడినది. మా దృష్టిలో స్థూలత అసలు లోపము కాదు. ప్రహసనమున స్థూలత సహజధర్మము. నవ్వువానికి తాకని నవ్వు అగుటయే లోపము.

పొసగిన చోటులును గలవు. తాకుడు సంభావ్యత నూటికి 99.78 అని శాస్త్రజ్ఞులు చెప్పగా అధ్యక్షురాలు దానిని 70గా ఉంచుదమని బేరమాడు ఘట్టము ఒకటి. ప్రకృతి లెక్కను రాజకీయపు బేరముగా మార్చుట వాతావరణచర్చలలో నిత్యము చూచునదే. తోకచుక్కను దారి మరల్చుటకు ఆకాశనౌకలు బయలుదేరిన పిదప, అందు విలువైన ఖనిజములు గలవని ఒక కోటీశ్వరుడు కనుగొనగా నౌకలను వెనుకకు రప్పించుట మరియొకటి. ఇచ్చట ఉపమానము చటుక్కున ఉపమేయమును అంటుకొనును: లాభము చూపిన చేయి రక్షించు చేతిని ఆపుట.

టెలివిజన్ ఘట్టము ఈ చిత్రమున ఆశ్రయభేదమునకు చక్కని లక్ష్యము. వ్యాఖ్యాతలిద్దరు అలవాటుగా చిరునవ్వుతో, తేలికమాటలతో నుందురు. వారి ఎదుట కేట్ వణకుచు నుండును. చివరకు ఆమె అరచి, ఏడ్చి, వెడలిపోవును. లోకము ఆమె ముఖమును బొమ్మగా చేసి ఎగతాళి చేయును. భయము కేట్‌నందును, పరిహాసము వ్యాఖ్యాతలయందును నిలిచినవి. మనము వ్యాఖ్యాతలను చూచి నవ్వుచు కేట్‌తో భయపడుదుము. అంతటితో ఆగిన, పైన చెప్పిన హాయి యిచ్చటను మిగులును. కాని దర్శకుడు ఒక అడుగు ముందుకు వేసినాడు. అరచిన కేట్ వెలివేయబడగా, సంకోచముతో చక్కగా మాటలాడిన మిండీ ప్రసిద్ధుడగును. పత్రికలపై ఆతని బొమ్మ, వ్యాఖ్యాత్రితో ప్రణయము, అధ్యక్షురాలి కొలువులో స్థానము. చెప్పవలసిన మాట మెల్లమెల్లగా ఆతని నోట మెత్తబడును.

ఇచ్చట మాకు గిరీశము జ్ఞప్తికి వచ్చుట సహజము. వితంతువివాహమును గూర్చి ఉపన్యాసములిచ్చు గిరీశమును గురజాడవారు సంస్కరణపక్షమున నిలిపి, ఆ పక్షమునే నవ్వునకు గురిచేసిరి. సంస్కర్తలకు నచ్చిన విషయముపై వ్రాయుచు సంస్కరణోపన్యాసకుని కపటిగా చిత్రించుట సాహసము. ఆ సాహసముచేతనే కన్యాశుల్కము దాని తక్షణప్రయోజనమును దాటి నిలిచినది. మిండీ గిరీశమువలె కపటి కాడు, బలహీనుడు మాత్రమే. అయినను బోధకుడు బోధచేత పొందు కీర్తి బోధను ఎట్లు తినివేయునో అన్న ప్రశ్న రెండుచోట్లను ఒక్కటే. ఆ పాత్రను ధరించిన డికాప్రియో ఎన్నియో యేండ్లుగా వాతావరణమును గూర్చి మాటలాడుచున్నవాడు. 2014లో ఐక్యరాజ్యసమితి ఆయనను శాంతిదూతగా నియమించినది. ఆయన సొంతవిమానప్రయాణములను గూర్చి పత్రికలు ఆక్షేపించుటయు లోకవిదితమే. ఆయనయే కీర్తికి లొంగిన శాస్త్రజ్ఞునిగా నటించుటచేత, ప్రసిద్ధుల వాతావరణబోధయను ఈ ఉద్యమమంతయు తన్ను తాను కొంచెము నవ్వుకొన్నట్లైనది. నటుని లోకప్రసిద్ధి పాత్రకు ధ్వనిగా పనిచేసిన ఇట్టి సందర్భములు అరుదు. చిత్రమునందలి మిక్కిలి విలువైన భాగము ఇదియని మా నిర్ణయము.

తుదిఘట్టము. నౌకలు విఫలమైనవి. మిండీ ఇంటికి తిరిగివచ్చి భార్యను క్షమింపుమని వేడును. కుటుంబము, కేట్, మరికొందరు మిత్రులు భోజనపుబల్ల చుట్టు కూర్చుందురు. వంట ఎట్లు కుదిరినదో, కాఫీ ఎట్లున్నదో మాటలాడుకొందురు. ఒక యువకుడు ప్రార్థన చేయును. ఇల్లు కంపించుచుండగా వారు మాటలాడుచునే యుందురు. ఇచ్చట నవ్వు లేదు, అరపు లేదు. రెండు గంటలు సాగిన హాస్యము ఈ బల్లకు దారితీసిన మెట్టుగా మారి, తన స్థానమును విడిచిపెట్టినది. అంగాంగిభావము చిత్రమున పూర్ణముగా సిద్ధించినది ఇచ్చటనే. హాస్యమునకును కరుణమునకును నడుమ శాంతచ్ఛాయ నిలిచి విరోధమును శమింపజేసినది. కాఫీని గూర్చిన మాట ఇంతటి భారమును మోయగలదని ముందుగా ఎవ్వరు ఊహింతురు?

దర్శకుడు ఇచ్చట ఆగలేదు. నామావళి నడుమ ధనికులు నౌకలో వేరొక గ్రహమునకు చేరుదురు. అధ్యక్షురాలిని ఒక వింతజంతువు మ్రింగును. నామావళి చివర శిథిలములనుండి ఆమె కుమారుడు తల యెత్తి ఫోనుతో మాటలాడబోవును. కరుణమునకు వెనువెంటనే, ఏ వ్యవధానమును లేక, హాస్యము తిరిగి వచ్చినది. నైరంతర్యమువలని విరోధమునకు ఇంతకంటె స్ఫుటమైన ఉదాహరణము దొరకదు. జంతువు మ్రింగుట న్యాయమైన శిక్షయని సామాజికుడు సంతోషించి, బల్లయొద్ద పొందిన బరువును అచ్చటనే దింపుకొని పోవును. పరిహాసమే గదా యని త్రోసిపుచ్చుటకు దర్శకుడే తలుపు తెరచినాడు. భోజనపుబల్లయొద్దనే తెర ఆర్పివేసిన ప్రేక్షకులు దర్శకుడు తీసినదానికంటె మేలైన చిత్రమును చూచినారు.